ఫుల్లు స్పీడు

రేవు గట్టు మీద ఇల్లు,
వానలు తగ్గిన మొదటి వారం

బావమరిదికి,

క్షేమమా అని అడగను. నా మోటారు పాడుచేసి వెళ్ళినవాడు ఎక్కడున్నా క్షేమంగానే ఉంటాడు. ఫోన్ చేద్దామంటే మీ వర్క్‌షాపులో సుత్తి మోత తప్ప మనిషి మాట వినబడదు. అందుకని రాస్తున్నాను. తిట్లు కాగితం మీద ఉంటే మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు కూడా.

పోయినసారి చుట్టపుచూపుగా వచ్చి, "బావా, ఎలాగూ వచ్చాను కదా, మోటారు సర్వీసు చేసి పెడతాను" అన్నావు చూడు, అప్పట్నుంచీ అది వేగం అందుకోవడం లేదు. ఒక్క లాగుకే స్టార్టవుతుంది. శబ్దం బాగానే ఉంటుంది. పిడి చివరికంటా తిప్పుతాను. పడవ ముక్కు కాస్త లేస్తుంది. ఇక పరుగే అనుకునేలోపు మనసు మార్చుకుని మళ్ళీ నీళ్ళలో చతికిలబడుతుంది. ఏటికి అడ్డంగా నిండా జనాన్ని కూర్చోబెట్టుకుని నత్తలా పాకుతున్నాను.

మనకి పోటీగా కొత్త పడవ దింపినవాడు ఒకడున్నాడని చెప్పాను కదా. నన్ను దాటినప్పుడల్లా ఈల వేస్తాడు కాబట్టి రేవులో వాడికి ఈలగాడని పేరు పడింది. వాడు నా కంటికి ఆనడు, అది వేరే సంగతి. కానీ జనం కంటికి ఆనుతున్నాడు. అవతలి ఒడ్డున ఫ్యాక్టరీ గేటు మూసేలోపు చేరాలని సగంమంది వాడి పడవే ఎక్కుతున్నారు. నిన్న మన పక్కింటాయన కూడా తల దించుకుని వాడి పడవలోకి నడిచాడట. మీ అక్క చెప్పింది.

ఆవిడ సంగతి ఇంకా వింత. పెళ్ళయిన రోజు నుంచి నేను ఏ పని చేసినా "కాస్త తొందరగా కానివ్వండి" అన్న మనిషి, ఇప్పుడు "నెమ్మదిగా పోతే ఏం, చేరుతున్నాం కదా" అంటోంది. మీ వంశంలో ఎవరికీ వేగం అంటే గౌరవం లేదు.

రోగం నువ్వే తెచ్చావు. మందు నువ్వే చెప్పు.

మీ బావ


వర్క్‌షాపు వెనక గది

బావగారికి,

మీ ఉత్తరం అందింది. ఉత్తరం అని మీరన్నారు కాబట్టి అంటున్నాను. మా ఓనరు చూసి సినిమా పోస్టరు అనుకున్నాడు. ఒక్కో అక్షరం బొప్పాయి కాయంత ఉంది, పై వరస కింద వరస మీదెక్కి కూర్చుంది. పూర్వం మీరు పోస్టుకార్డు మీద రామాయణం పట్టించేవారు. ఇప్పుడింత ధారాళం ఎందుకొచ్చిందో తెలియదు.

సరే, రోగి సంగతి చూద్దాం. మోటారు వేగం అందుకోకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. నేను కారణం కావడం వాటిలో అన్నిటికన్నా చివరిది. ఒక వరసలో వెళ్దాం.

మొదట పెట్రోలు ట్యాంకు మూత మీద చిన్న గాలి మర ఉంటుంది, అది తెరిచి ఉందా చూడండి. అది బిగించేస్తే ట్యాంకుకి ఊపిరాడదు, మోటారుకి పెట్రోలు అందదు. తరవాత పడవ అడుగు. నాచు పట్టి ఉంటే ఎంత మోటారైనా లాగలేదు. ఒడ్డుకి ఎక్కించి గీకించండి. మూడోది ముఖ్యం. మోటారు కింద నీళ్ళలో తిరిగే పంకా ఉంటుంది కదా, దాని బొడ్డు దగ్గర ఒక అంకె చెక్కి ఉంటుంది. అది మీరే స్వయంగా చదివి నాకు రాయండి. అక్కని అడగొద్దు. ఆడవాళ్ళకి అంకెలు రావని మీరే ఎన్నోసార్లు సెలవిచ్చారు.

అక్కకి నమస్కారం. ఆమె మాట వినండి. వినరని తెలుసు, అయినా రాయడం నా ధర్మం.

మీ బావమరిది


రేవు గట్టు మీద ఇల్లు

బావమరిదికి,

గాలి మర తెరిచే ఉంది. దాన్ని మూసి నడిపే వెర్రివాణ్ణని ఎలా అనుకున్నావు?

పంకా మీద అంకె పదకొండు. లేదా పదిహేడు. డెబ్బై ఒకటి కూడా కావచ్చు. చెక్కినవాడెవడో పరమ లోభి. ఇంత ఇనుము పెట్టుకుని ఆవగింజంత అంకె చెక్కాడు. వేలితో తడిమి చూశాను, అరిగిపోయింది. ఇలాంటి అంకె నీకెందుకు, జాతకం చెప్తావా?

ఇక పడవ అడుగు. దీన్ని నేను రాయకపోయినా మీ అక్క రాస్తుంది, కాబట్టి నేనే రాస్తున్నాను. నిన్న పొద్దున్నే రేవుకి వెళ్ళాను. మంచు పట్టింది. పడవలన్నీ ఒడ్డు మీద ఒకదాని పక్కన ఒకటి ఒరిగి ఉన్నాయి. రేకు ముక్క తీసుకుని గీకడం మొదలుపెట్టాను. నాచు అంటే నాచు కాదు, తివాచీ. నడుం విరిగిపోయింది. పొద్దు బాగా ఎక్కేదాకా గీకి, గీకిన చోటల్లా బ్రష్షుతో తోమి, చివరికి అద్దంలా చేశాను. వెనక ఎవరో ఈల వేశారు.

"అన్నా, చాలా థాంక్స్. పోటీవాడి పడవని ఇంత బాగా చూసుకునే పెద్దమనసు ఎవరికుంటుంది?" అన్నాడు వాడు.

వాడి పడవ ఎర్రటి ఎరుపు, మనది నీలం. మంచులో అన్నీ ఒకేలా ఉంటాయి. ఈ మాట రేవులో అందరికీ చెప్పాను. మంచు ఎప్పుడో పోయిందన్నా అన్నాడు టికెట్ల షెడ్డు దగ్గర టీ అమ్మేవాడు. వాడి టీలో పాలెన్నో నాకు తెలుసు, నా దగ్గర మాట్లాడే అర్హత వాడికి లేదు.

ఇప్పుడు వాడి పడవ ఇంకా వేగంగా పోతోంది. నీ వైద్యం ఆ విధంగా ఫలించింది.

మీ బావ


వర్క్‌షాపు వెనక గది

బావగారికి,

మీ ఉత్తరం మా వర్క్‌షాపులో అందరికీ గట్టిగా చదివి వినిపించాను. వెల్డరు నవ్వలేక కింద కూర్చున్నాడు. మా ఓనరుకి కూడా ఒక పడవ ఉంది, ఎప్పుడు తీరిక దొరికితే అప్పుడు వచ్చి గీకి పెడతారేమో అడగమన్నాడు.

నవ్వు అయ్యాక ఆ ముక్క నాలో నేను మళ్ళీ చదువుకున్నాను. ఎరుపూ నీలమూ, బావా.

సరే, పరీక్షలు పూర్తిచేద్దాం. ఈసారి రెండే. మోటారు నడుస్తున్నప్పుడు వెనక చిన్న రంధ్రంలోంచి నీళ్ళ ధార బయటికొస్తుంది. అది గట్టిగా వస్తోందా, సన్నగా దారంలా వస్తోందా చూసి రాయండి. వేడెక్కినా మోటారు బద్ధకిస్తుంది. రెండోది ప్లగ్గులు. విప్పి మొన ఏ రంగులో ఉందో చూడండి. నల్లగా ఉంటే ఒక అర్థం, కాఫీ పొడి రంగుంటే ఒక అర్థం, తెల్లగా ఉంటే ఇంకో అర్థం. పగలు, వెలుతురులో చూడండి. మంచు అనొద్దు.

ఇంకొక మాట. మా వీధి చివర కంటి ఆసుపత్రి ఉంది. మా ఓనరు వాళ్ళ నాన్న పొర తీయించుకుని ఇప్పుడు వీధిలో పోయేవాళ్ళందరి చెప్పులకీ వంకలు పెడుతున్నాడు. మీకు వంకలు పెట్టడం ఇష్టం కదా, సరదాగా ఒకసారి వచ్చి చూపించుకోకూడదా?

మీ బావమరిది


రేవు గట్టు మీద ఇల్లు

బావమరిదికి,

మోటారుకి మందు అడిగితే నా కంటికి చెప్తావేం? రేపు నా పంటి గురించి కూడా రాస్తావు. ఈ ఏరు నేను కళ్ళు మూసుకుని దాటగలను. మా నాన్న తెడ్డు వేస్తున్నప్పట్నుంచీ ఎక్కడ ఇసుక మేట ఉందో, ఎక్కడ సుడి ఉందో నా ఒంటికి తెలుసు. మొన్న కరెంటాఫీసు గుమస్తా కూడా ఇదే కూశాడు, "రేవు మెట్లకి గుద్దించారు, కనబడలేదా" అని. మెట్లు జరిగాయేమో కనుక్కోమన్నాను.

ప్లగ్గులు విప్పాను. బూడిద రంగు. రెండూ బూడిద రంగే. మీ అక్క పక్కనుంచి ఒకటి గోధుమ రంగు, ఇంకోటి కూడా గోధుమ రంగే అంది. ఆవిడకి రంగులు ఎక్కువ కనబడతాయి. ఈ మధ్య అన్నీ బూడిద రంగుగానే తయారు చేస్తున్నారు, గుడ్డలైనా, గోడలైనా. ఆకాశం కూడా.

నీళ్ళ ధార వస్తోంది. చెయ్యి పెట్టి చూశాను. తడిసింది.

మీ అక్క గురించి ఒక కొత్త విశేషం. పూర్వం పడవలో వెనక నా పక్కన కూర్చుని టికెట్లు చింపేది. ఇప్పుడు ముక్కు దగ్గర కూర్చుని ప్రకృతిని పొగుడుతోంది. "కుడి పక్కన చూడండి, ఎన్ని కొంగలో" అంటుంది. కుడికి తిప్పుతాను. "ఆహా, ఎడమన మబ్బులెంత బాగున్నాయి" అంటుంది. అటు తిప్పుతాను. ఈ వయసులో ఆవిడకి కవిత్వం పట్టింది. జనం కూడా వింతగా చూస్తున్నారు.

నీ ఉత్తరాల వైద్యంతో విసిగిపోయాను. బజారులో పంపుసెట్లు బాగుచేసే మెకానిక్కు ఉన్నాడు, పని తెలిసినవాడంటున్నారు. ఆదివారం వచ్చి మూత విప్పి చూస్తానన్నాడు.

మీ బావ


వర్క్‌షాపు వెనక గది

బావగారికి,

ఎవడో పంపుసెట్లవాడి చేత పడవ మోటారు విప్పిస్తారా? వాడు బావిలో మోటారుకీ, ఏటిలో మోటారుకీ తేడా తెలియక మీ చేత వరి పొలానికి నీళ్ళు పెట్టిస్తాడు. దయచేసి మూత ముట్టుకోనివ్వకండి. ముట్టుకుంటే గ్యారంటీ పోతుంది. గ్యారంటీ ఎప్పుడో పోయిందని మీరంటారు. అయినా సరే, ముట్టుకోనివ్వకండి.

నేనే వస్తాను. ఇక్కడ పెద్ద లాంచీ ఇంజను పని మీద ఉంది, అది ఒడ్డెక్కగానే సెలవు పెడతాను. అప్పటిదాకా మోటారు ఉన్నట్టే ఉండనివ్వండి. నెమ్మదిగా వెళ్తే మోటారుకి మంచిది, పెట్రోలు కలిసొస్తుంది, కొంగలు కనబడతాయి.

ఈలగాడి ఈల మిమ్మల్ని అంత బాధపెడుతుంటే చెవుల్లో దూది పెట్టుకోండి. చెవులు లేకపోయినా పడవ నడపొచ్చు.

ఆదివారం వద్దు బావా. ఈ ఒక్కసారి నా మాట వినండి.

మీ బావమరిది


రేవు గట్టు మీద ఇల్లు,
ఆదివారం

మహాశయా,

బావమరిది అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

పంపుసెట్లవాడు వచ్చాడు. మూత తీశాడు. నన్ను పిడి తిప్పమన్నాడు. తిప్పాను. "ఇంకా తిప్పండి" అన్నాడు. "ఇంతే, చివరికంటా తిప్పాను" అన్నాను. వాడు లోపలికి తల దూర్చి నవ్వాడు.

"మీరు ఎంత తిప్పినా లోపల పెట్రోలు వెళ్ళే తలుపు సగమే తెరుచుకుంటోందండీ. పిడి నుంచి వచ్చే తీగని ఎవరో వదులు చేసి నట్టు బిగించారు. అరిగి వదులైంది కాదు. పని తెలిసినవాడు చక్కగా కొలిచి చేసిన పని."

పని తెలిసినవాడు! నా ఇంట్లో తిని, నా మంచం మీద పడుకుని, నేను స్నానానికి వెళ్ళినప్పుడు నా మోటారు గొంతు నొక్కావు. ఆపైన ట్యాంకు మర చూడమన్నావు, నాచు గీకమన్నావు, అంకెలు చదవమన్నావు. నన్ను ఏట్లో కోతిలా ఆడించావు. వాడి పడవ తోమించావు!

మీ అక్కని అడిగాను. బట్టలు ఆరేస్తూ వెనక్కి తిరక్కుండానే "వాణ్ణే అడగండి" అంది. అంటే ఆవిడకీ తెలుసు. నా ఇంట్లో నేను తప్ప అందరూ మెకానిక్కులే.

తీగ బిగించేశాడు. రేపు పొద్దున మొదటి ట్రిప్పులో ఈలగాడికి ఈల మరిచిపోయేలా చేస్తాను. నీ జవాబు నాకు అక్కర్లేదు. మా గుమ్మం తొక్కొద్దు.

పడవ ఓనరు


వర్క్‌షాపు వెనక గది

బావా,

మీరు బస్సులో పంపిన ఉత్తరం ఈ రాత్రే అందింది, అక్కర్లేదన్నా రాస్తున్నాను. ఇది చేరేలోపు మీరు పిడి తిప్పకుండా ఉంటే చాలు. ఫోన్ చేశాను, మీరు తీయలేదు. టీ కొట్టువాడికి చేశాను, మీరు వాడి మాట వినరని వాడే చెప్పాడు.

అవును, నేనే చేశాను. అక్క చేయమంది. మళ్ళీ చేయమన్నా చేస్తాను.

నేను వచ్చిన మొదటి రోజు సాయంత్రం మీ పడవలో కూర్చున్నాను, గుర్తుందా? ఏటి మధ్యలో గుర్తుకి కట్టిన ఎర్ర పీపా ఉంటుంది. మీరు నాతో ఈలగాడి సంగతి చెప్తూ నేరుగా దాని మీదికి పోనిచ్చారు. అక్క "కాస్త ఇటు రండి, చీర తడుస్తోంది" అంది. మీరు విసుక్కుంటూ తిప్పారు. పీపా నా మోచేతిని రాసుకుంటూ పోయింది. మీరు మాట ఆపలేదు. మీకది కనబడనేలేదు.

ఆ రాత్రి వంటింట్లో అక్క ఏడవలేదు. మీ మీద కోపంతో గిన్నెలు తోముతూ చెప్పింది. "రెండుసార్లు చెప్పాను, కళ్ళు చూపించుకోమని. పడవ అమ్మేసి నన్ను ఇంట్లో కూర్చోబెడతావా అని పళ్ళెం విసిరారు. ఆయన ఆపరు. కనీసం గుద్దినా ఎవరూ చావనంత నెమ్మదిగా పోయేలా చెయ్యి" అంది.

చేశాను. ఆ పరీక్షలన్నీ మోటారుకి కాదు బావా, మీకు. పంకా మీద అంకె పదమూడు, వేలెడంత ఉంటుంది. ప్లగ్గు రంగు మీరే చెప్పారు, ఆకాశం రంగు కూడా మీరే చెప్పారు. మీ అంతట మీకే తెలిసొస్తుందని చూశాను. వెటకారం చేస్తే మీకు పౌరుషం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తారనుకున్నాను. మీకు పౌరుషం వచ్చింది, పంపుసెట్లవాడి దగ్గరికి వెళ్ళారు.

కొంగలూ మబ్బులూ లేవు. అక్కకి కవిత్వం పట్టలేదు. ముక్కు దగ్గర కూర్చుని మీకు బదులు చూస్తోంది.

మీ పడవలో ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళుంటారు. వాళ్ళు మీ పరువు చూడటానికి ఎక్కరు, అవతలి ఒడ్డు చేరడానికి ఎక్కుతారు. నన్ను గుమ్మం తొక్కనివ్వకపోయినా ఫరవాలేదు. పిడి తిప్పకండి.

మీ బావమరిది


రేవు గట్టు మీద ఇల్లు

బావమరిదికి,

నీ ఉత్తరం అందేసరికి అంతా అయిపోయింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ముందు అది రాసేస్తున్నాను, ఎందుకంటే మిగతాది నెమ్మదిగా రాయాలి.

సోమవారం పొద్దున పడవ నిండింది. మోటారు బాగైందని నేను చాటింపు వేశాను కదా, ఈలగాడి జనం కూడా కొందరు తిరిగొచ్చారు. మీ అక్క ముక్కు దగ్గరికి వెళ్ళలేదు. మూతి ముడుచుకుని వచ్చి నా పక్కనే కూర్చుంది. కొంగల్లేవు, మబ్బుల్లేవు, ఒక్క మాట లేదు. మంచిదే అనుకున్నాను.

పిడి తిప్పాను. అబ్బా, ఏం చెప్పను! ముక్కు లేచింది, మళ్ళీ దిగలేదు. నీళ్ళు రెండు పక్కలా గోడల్లా లేచాయి. ఆడపిల్లలు కేకలు వేశారు, కరెంటాఫీసు గుమస్తా టోపీ పట్టుకున్నాడు. ఈలగాడి పడవ పక్కకొచ్చింది, వెనకబడింది. వాడి మొహం చూద్దామని తిరిగాను. మొహం ఉండాల్సిన చోట ఒక మరక ఉంది. అదే వాడనుకుని నవ్వాను. ఎదురుగా ఏరంతా ఖాళీ, వెండి రేకు పరిచినట్టు తెల్లగా ఉంది.

"ఎదురుగా దోనె" అంది మీ అక్క.

"ఎక్కడ?" అన్నాను.

ఆ ఒక్క మాటతో నా పని అయిపోయింది. నా మణికట్టుకి కట్టుకునే ఎర్ర తాడు ఉంటుంది, అది ఊడితే మోటారు ఆగిపోతుంది. నడిపేవాడు నీళ్ళలో పడితే పడవ వాణ్ణి వదిలి పోకుండా పెట్టింది. దాన్ని ఆవిడ రెండు చేతులా పట్టి పీకేసింది. మోటారు చచ్చింది, ముక్కు దభీమని నీళ్ళలో కూలబడింది, అందరం ఒకళ్ళ మీద ఒకళ్ళం పడ్డాం. మా అల ముందుకు పోయి ఒక దోనెని తిరగేసింది. అప్పుడు కనబడింది నాకు. పడవ అంచుకి చెయ్యి చాపితే అందేంత దూరంలో.

వల వేసుకునే మనిషి. మునిగి లేచాడు. మన పడవ అంచు పట్టుకుని, నోట్లో నీళ్ళు ఉమ్మేసి, నా మొహంలోకి చూసి అరిచాడు. "కళ్ళు కనబడటం లేదా?"

ఆ మాట ఈ రేవులో పొద్దున లేస్తే అందరూ అందర్నీ అంటారు. జవాబు కోసం ఎవరూ ఆగరు. నేనూ లక్షసార్లు అన్నాను. కానీ ఆ మనిషి వేళ్ళు నా కాళ్ళ దగ్గర అంచు పట్టుకుని ఉన్నాయి. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"లేదు. కనబడటం లేదు" అన్నాను.

వాడు తరవాతి తిట్టు మరిచిపోయాడు. గుమస్తా మెల్లగా లేచి అంచు దగ్గర్నుంచి మధ్యలోకి జరిగి కూర్చున్నాడు. అది నాకు కనబడింది. ఏ కన్నుతో చూశానో తెలియదు.

ఈలగాడు పడవ ఆపి, నీళ్ళలోకి దిగి, ఆ మనిషి వల ఏరి పెట్టాడు. దోనె తిరగేసి ఎక్కించాడు. ఈల వేయలేదు. వేసి ఉంటే బాగుండేది.

మీ అక్క నన్ను లేవమంది. లేచాను. నా చోట కూర్చుని, తాడు తన చేతికి కట్టుకుని, మోటారు లాగింది. రెండో లాగుకి స్టార్టయింది. ఎక్కడ నేర్చుకుందో అడగలేదు. ఇన్నేళ్ళు పక్కన కూర్చున్న మనిషి.

పడవ ఇప్పుడు ఒడ్డున ఉంది. నేనూ ఒడ్డునే ఉన్నాను. ఈ ఉత్తరం మీ అక్క రాస్తోంది, నేను చెప్తున్నాను. అక్షరాలు చిన్నగా ఉన్నాయని నువ్వు సంతోషించవచ్చు.

మీ బావ


వర్క్‌షాపు వెనక గది

బావగారికి,

చదివాను. వర్క్‌షాపులో ఎవరికీ వినిపించలేదు.

కంటి ఆసుపత్రిలో మాట్లాడాను. పొర అయితే తీసేస్తామంటున్నారు, ఒక కన్ను తరవాత ఒకటి. చూశాక గాని గట్టిగా చెప్పలేమన్నారు. నా గది చిన్నది, కానీ మంచం మీకిస్తాను. సుత్తి మోత పొద్దున్నే మొదలవుతుంది. మీ గురకకి నేనూ మా వెల్డరూ అలవాటు పడతాం.

మీతో ఎవరూ రానక్కర్లేదు, బస్సు స్టాండుకి నేనొస్తాను. అక్కని పంపకండి. రేవు ఆఫీసులో పడవ నడిపే పరీక్ష పెట్టించుకుంటానందట. జనం పూర్తిగా ఈలగాడికి అలవాటు కాకముందే పడవ మళ్ళీ నీళ్ళలో దిగాలంటోంది. ఆమె మాటా కాదనకండి.

భయంగా ఉందని అక్కతో అన్నారట. నాతో అనలేదు కాబట్టి నాకు తెలియనట్టే ఉంటాను.

మీ గుమ్మం తొక్కొద్దన్నారు. మీరు నా గుమ్మం తొక్కొచ్చు. తల మాత్రం వంచుకుని రండి, పొట్టి గుమ్మం. పౌరుషం కోసం కాదు, నుదురు కోసం.

మీ బావమరిది


రేవు గట్టు మీద ఇల్లు,
ఎండలు మొదలయ్యాయి

బావమరిదికి,

క్షేమంగా చేరాను. ఉత్తరం నేనే రాస్తున్నాను. నీ గదిలో ఉన్నన్నాళ్ళూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. నీ వంట రుచికి అలవాటు పడొచ్చు గానీ, కట్టు విప్పాక దాన్ని చూస్తూ తినడం కష్టమైంది. నీ దిండు కవరు పసుపు రంగు కాదట, తెలుపట. మీ వెల్డరు చెప్పాడు. ఉతుక్కో.

ఒక కన్నుకే ఇంత గొడవగా ఉంది, రెండోది కూడా తీస్తే ఏమవుతానో. బస్సు దిగి నడుస్తుంటే గోడల మీద బీటలు, జనం మొహాల మీద మచ్చలు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఇంటికొచ్చి చూస్తే పడవకి నీలం రంగు సగం కూడా లేదు. ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే పళ్ళెం విసిరేవాణ్ణేమో.

వలవాడి దగ్గరికి వెళ్ళాను. చిరిగిన వల కూర్చోబెట్టి అల్లించాడు నా చేత. సూదిలో దారం ఎక్కించగానే నా కళ్ళలోకి వంగి చూశాడు. "ఇప్పుడు కనబడుతున్నాయన్నమాట" అన్నాడు. అవునన్నాను. "అయితే ఇప్పుడు తిట్టొచ్చు" అని, ఆ రోజు మరిచిపోయినవన్నీ గుర్తుచేసుకుని తిట్టాడు. విన్నాను. ఇప్పటికీ రేవులో నేను కనబడితే పలకరింపుగా ఒక తిట్టు వేసి వెళ్తాడు.

గుమస్తా మళ్ళీ మన పడవ ఎక్కుతున్నాడు. మీ అక్క నడుపుతోంది కాబట్టి ఎక్కుతున్నానని నాతోనే చెప్పాడు. కొందరు మాత్రం రాలేదు, ఇక రారు. వాళ్ళని తప్పుపట్టను.

నిన్న మొదటిసారి జనంతో పాటు పడవ ఎక్కాను. మీ అక్క నడపడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ నాలా మాట్లాడదు. ఏటిని చూస్తుంది, అంతే. చెవుల పక్కన జుట్టు తెల్లబడింది. ఎప్పుడు తెల్లబడిందో నాకు తెలియదు, అదీ నేను చూసి ఉండాల్సింది. ఏటి మధ్యకి వచ్చాక పిడి తిప్పింది చూడు, నేను రెండు చేతులా బల్ల పట్టుకున్నాను. ఈలగాణ్ణి దాటేసింది. వాడు గౌరవంగా చెయ్యెత్తాడు. నాకెప్పుడూ ఎత్తలేదు, వెధవ.

ఇక ఆగలేకపోయాను. లేచి ఆవిడ ముందుకి వెళ్ళి నిలబడి అడిగాను. "డాక్టరు కన్ను బాగుందన్నాడు. వచ్చే నెల రెండోదీ చేస్తానన్నాడు. మరి నా మోటారు నాకెప్పుడిస్తావు?"

మీ అక్క నా మొహం వైపు చూడలేదు. తల కాస్త పక్కకి వంచి, నన్ను దాటి ఏటివైపు చూసింది.

"కూర్చోండి. మీరు అడ్డంగా ఉన్నారు, ముందేముందో కనబడటం లేదు" అంది.

కూర్చున్నాను.

మీ బావ